వెనక గది గాజు పట్టీ

ఫిబ్రవరి 6

ప్రియమైన నీకు,

మధ్యాహ్నం మూడింటికి క్యాంపుకి చేరాను. ఇక్కడి చెరువు మనదానిలో సగం ఉండదు. మూడో వంతు అప్పుడే పూడ్చేశారు. రేపటి నుంచి నా పని మొదలు. పడవలో కూర్చుని సీసం గుండు కట్టిన తాడు నీళ్లలోకి వదలడం, గుండు నేలకి తగిలాక ముడులు లెక్కపెట్టడం, ఎన్ని అడుగుల లోతో పుస్తకంలో రాసుకోవడం. మన వీధిని పూడ్చకముందు, అది చెరువుగా ఉన్న రోజుల్లో చేసిన పనే.

బయల్దేరే హడావుడిలో గాజు సంగతి సరిగా చెప్పలేకపోయాను. నువ్వు తలూపావు కానీ చేతిలో కత్తెర ఉంది, ధ్యాస గుడ్డ మీద ఉంది. అందుకని రాస్తున్నాను. వెనక గదిలో కిటికీ మూల నుంచి కిందికి దిగిన పగులుకి అడ్డంగా గాజు పట్టీ పెట్టి, రెండు కొసలూ సిమెంటుతో అతికించాను. పక్కన గోడ మీద ఫిబ్రవరి 4 అని తేదీ రాశాను. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు విరుగుతుంది. గోడ కదిలిందంటే కింద మట్టి ఇంకా కుంగుతోందని అర్థం. కొత్త పగులేదైనా కనిపిస్తే పెట్టడానికి ఇంకో మూడు పట్టీలు కోసి బీరువా అడుగున ఉంచాను.

ఇది మన ఒక్కరి గొడవ కాదు. ఆ గోడకి అవతలిది బడి. రెండు గోడలూ ఒకే పునాది మీద లేచాయి. వీధి కమిటీ బడి మీద అంతస్తు వెయ్యాలనుకుంటోంది కదా, ఆరు నెలలు ఆ గాజు నిలబడిందని రాసి సంతకం పెడితేనే అనుమతి ఇస్తానన్నాడట మునిసిపాలిటీ ఇంజినీరు. కమిటీ తరఫున బడి డ్రిల్లు మాస్టారు ఆ పని నాకు అప్పజెప్పాడు. నువ్వు ప్రతి నెలా చూసి నాకు రాయి.

గాజు విరిగితే మాత్రం ఏమీ ఆలోచించకు. తాళం వేసి ఇక్కడికి వచ్చెయ్యి. రేకుల గది ఒకటి ఖాళీగా ఉంది. అయినా విరగదులే. మనది ఒకప్పటి ఒడ్డు. మన కింద పోసిన మట్టి ఏడడుగులే.

ఇక్కడ నీళ్లు బాగున్నాయి. తిండి పరవాలేదు.

నీవాడు


మార్చి 2

ప్రియమైన మీకు,

తలూపింది నిజం, వినలేదన్నది అబద్ధం. మీరు ఏడాదికి పది మాటలు మాట్లాడతారు, అవీ వినకపోతే నాకు పొద్దెలా గడుస్తుంది?

గాజు బాగుంది.

యూనిఫారాల పని వచ్చింది. ముందు గదిలో ఇప్పుడు ఆరు మిషన్లు, నాతో కలిపి పదకొండు మంది ఆడవాళ్లం. చోటు చాలక ఇద్దరు గుమ్మంలో కూర్చుని గుండీలు కుడుతున్నారు. డ్రిల్లు మాస్టారు రోజూ బడికి వెళ్తూ కిటికీలోంచి తల పెడతాడు. నిన్న “ఏమ్మా టైలరమ్మా, గాజు ఊపిరితో ఉందా?” అన్నాడు. “మీ ఈల చప్పుడుకే పగల్లేదు మాస్టారూ, ఇక దేనికి పగులుతుంది?” అన్నాను. పదకొండు మందిమీ నవ్వాం. ఆయనా నవ్వి, మళ్లీ ఈల ఊది మరీ వెళ్లాడు.

మీ పాత పుస్తకాల పెట్టె దుమ్ము పట్టి ఉంటే దులిపి పెట్టాను.

మన కింద ఏడడుగులే అని రాశారు. ఆ మాట ఇంకోసారి కాస్త పెద్దక్షరాలతో రాయండి. మాస్టారికి చూపిస్తాను.

మీ ఇంటిది


మార్చి 14

ప్రియమైన నీకు,

ఏడడుగులే. మాస్టారికి చూపించు.

నెల దాటిందంటే సగం గండం గడిచినట్టే. ఈ మాట పడవ నడిపే అతనితో అంటే, “పూడ్చిన నేల నెల రోజులకే కుదురుకుందా? మేస్త్రీ, నువ్వు పోసింది మట్టా, ఇనుమా?” అన్నాడు. ఒడ్డు పక్క నేల వేరుగా ఉంటుందని చెప్పాను.

పదకొండు మందికి ఆ గది ఇరుకు. ఈసారి వచ్చినప్పుడు ముందుకి రేకులు దించుతాను.

నీవాడు


జూన్ 3

ప్రియమైన మీకు,

నాలుగో నెల. గాజు బాగుంది. ఏప్రిల్లో, మేలో రాసిన ఉత్తరాలు చేరే ఉంటాయి, వాటిలోనూ ఇదే మాట.

బేకరీ అక్క కొత్త గోల మొదలుపెట్టింది. ఆవిడ పొయ్యిలో పెట్టిన కేకులన్నీ ఒక పక్క బొద్దుగా, ఒక పక్క బక్కగా లేస్తున్నాయట. ట్రే కింద అట్ట మడిచి పెడితే సరిపోతోందట. ఈ నెల అట్ట రెండు మడతలైంది. “మీ ఆయన్ని అడుగు, వంకర నా పొయ్యిదా, ఈ వీధిదా?” అంది. “మా ఆయన నీళ్ల లోతు చెప్తాడు కానీ కేకుల సంగతి ఆయనకేం తెలుసు?” అన్నాను. “నీళ్ల మీద కాల్చిన కేకే కదా ఇది!” అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మీరు ఒకసారి వచ్చి గాజు చూడకూడదా? నేను చూడటం వేరు, మీరు చూడటం వేరు. ఇరవై ఏళ్లుగా తాడు మీ చేత్తో వదిలితే తప్ప ఒక్క అంకె రాయని మనిషి మీరు. ఒక్క రోజు సెలవు అడగండి.

మీ ఇంటిది


ఆగస్టు 5

ప్రియమైన నీకు,

నిన్నటితో ఆరు నెలలు నిండాయి. నీ ఆరు ఉత్తరాలూ వరసగా ముందు పెట్టుకుని, ఆరు తేదీలూ ఎక్కించి, గాజు విరగలేదని రాసి సంతకం పెట్టాను. ఈ ఉదయమే మాస్టారి పేర పోస్టు చేశాను.

సెలవు దొరకలేదు. దొరికినా రావాల్సిన అవసరం ఏముంది? చూడకుండా నేను ఒక్క అంకె కూడా రాయనన్నావు. నిజమే. ఇదొక్కటే రాశాను. నువ్వు చూస్తే నేను చూసినట్టే.

నేను బడికి వెళ్లినవాణ్ణి కాదు. సిమెంటు బస్తాల మీద అచ్చు చూసి అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి. నా సంతకంతో ఒక బడికి మేడ లేస్తోంది.

నీవాడు


ఆగస్టు 9

ప్రియమైన మీకు,

పంపేశారా?

నేను రమ్మన్నాను కదా. చూసి పంపమన్నాను కదా. కాగితం మాస్టారికి అందింది, నిన్ననే మునిసిపాలిటీకి తీసుకెళ్లాడు. ఇవాళ బడి ముందు ఇటుకల లారీ ఆగింది. పిల్లలు ఇటుకలెక్కి గెంతుతున్నారు.

మీరు రండి. ఉత్తరంలో రాసేది కాదు.

మీ ఇంటిది


ఆగస్టు 20

నీకు,

ఎప్పుడూ రాసే మాట ఈసారి మొదట్లో రాయలేకపోయాను.

మొన్న నేను వచ్చేసరికి నువ్వు యూనిఫారాలు ఇవ్వడానికి వెళ్లావని గుమ్మంలో గుండీలు కుడుతున్న ఆవిడ చెప్పింది. ‘కూర్చోండన్నయ్యా, వచ్చేస్తుంది’ అని నీళ్లిచ్చింది. నేను వెనక గదిలోకి వెళ్లాను. గాజు గోడ మీదే ఉంది. ఎక్కడా విరగలేదు. చాలా సంతోషపడ్డాను. ఎంతసేపంటే, దగ్గరికెళ్లి వేలు పెట్టేంతవరకు.

నేను అతికించింది కిటికీ అద్దం నుంచి కోసిన మందపు గాజు, అంచుకి ఆకుపచ్చ రంగు ఉంటుంది. గోడ మీద ఉన్నది పల్చగా, తెల్లగా ఉంది. ఫొటోలకి కట్టే గాజు. ముందు గదిలోకి వెళ్లి చూశాను. మీ నాన్నగారి ఫొటోకి అద్దం లేదు.

సిమెంటు చెక్కి మళ్లీ పూసినా తేదీ నేను రాసినట్టే ఉంది. నా చేతి నాలుగు అంకెకి ఉండే తోక కూడా దించావు. నీ చేతి పని బాగుంటుందని ఎప్పుడూ అనుకునేవాణ్ణి.

బీరువా అడుగున నేను ఉంచిన మూడు పట్టీలూ లేవు. నీ మిషను సొరుగు తీశాను. ఇన్నేళ్లలో నేనా సొరుగు తియ్యలేదు. నీలం గుడ్డముక్కలో చుట్టిన గాజులు దొరికాయి. నాలుగు పట్టీలు, ఎనిమిది ముక్కలు. ఒక్కోదానికీ దారంతో చీటీ కట్టావు. ఫిబ్రవరి 27. ఏప్రిల్ 5. మే 20. జూలై 9. నాకు ప్రతి నెలా గాజు బాగుందని రాస్తూనే, అది విరిగిన రోజులు నీకోసం విడిగా రాసి పెట్టుకున్నావు.

నువ్వు లోపలికి వస్తూ “ఎప్పుడొచ్చారు? తిన్నారా?” అన్నావు. నాలుగింటికి బస్సు ఉందన్నాను. సంచి అందుకుని బయటికి నడిచాను. నువ్వు నా వెనకే వీధి చివరిదాకా వచ్చావు. వెనక్కి తిరగలేదు కానీ నీ చెప్పుల చప్పుడు విన్నాను.

ఇరవై ఏళ్లలో ఎందరో నా అంకెలు మార్చమన్నారు. సూపర్వైజర్లు అడిగారు, కాంట్రాక్టర్లు అడిగారు. నీతో పంచుకున్న ఇంట్లో, నా చేతిరాతతో, నా గాజు మార్చింది నువ్వు. ఆ అబద్ధం మీద నా సంతకం ఉంది. దాని మీద పిల్లల్ని కూర్చోబెట్టబోతున్నారు.

ఎందుకు చేశావు? ఇది అడగడానికే రాస్తున్నాను. వేరే కబుర్లు రాయకు.

ఇంతే.


ఆగస్టు 27

ప్రియమైన మీకు,

మీరు మానేశారని నేను మానెయ్యలేను. ఈ మాట రాయకపోతే తర్వాతవి నాకు రాయబుద్ధి కాదు.

కబుర్లు వద్దన్నారు. రాయను.

మొదటి గాజు ఇరవై మూడో రోజున విరిగింది. మధ్యాహ్నం కాజాలు కుడుతున్నాను, వెనక గదిలో టప్‌మంది. వెళ్లి చూసి నేల మీద కూర్చుండిపోయాను. తాళం వేసి వచ్చెయ్యి అని మీరు రాసింది గుర్తొచ్చింది. మీ వెంట పద్నాలుగేళ్లు తిరిగాను. ఏడు క్యాంపులు, ఏడు రేకుల గదులు. ఏ గోడకీ ఒక మేకు కొట్టలేదు, రేకుకి మేకేమిటి అనేవారు మీరు. ఈ ఇంట్లో మొదటి మేకు కొట్టిన రోజు నాకు గుర్తుంది. ఈ వీధిలో నేను మేస్త్రి భార్యని కాదు, టైలరమ్మని. పదకొండు ఇళ్లలో పొయ్యి వెలగడం నా గదిని బట్టి ఉంది. ఎనిమిదో రేకుల గదికి రాలేను అనుకున్నాను. రెండో పట్టీ తీసి అతికించాను. అది నా తప్పు. దానికి వేరే పేరు పెట్టను.

కానీ అతికించే ముందు ఇంకో పని చేశాను. ఏడడుగుల మట్టి మీద గాజు ఇంత తొందరగా ఎందుకు విరిగిందా అని మీ పాత పుస్తకాల పెట్టె తీశాను. మన వీధిని పూడ్చిన ఏడాది పుస్తకం తిరగేశాను. మూల స్థలం, బడి స్థలం అని మీరే గీసుకున్న పటం ఉంది. మన ఇంటి గడిలో మీ రాత. ముప్పై నాలుగు అడుగులు, అడుగున బురద.

ఏడు కాదు. ముప్పై నాలుగు.

ఆ నాలుగుకీ తోక ఉంది.

అందుకే ఏడడుగులని మళ్లీ రాయండి అని అడిగాను. మాస్టారి కోసం కాదు. ఈసారైనా నిజం రాస్తారేమోనని. ‘ఏడడుగులే, మాస్టారికి చూపించు’ అని రాశారు. ఆ ఉత్తరం చదివి రెండు రోజులు మిషను తొక్కలేదు.

నాకు లెక్కలు రావు, మీకు వచ్చు. బురద మీద పోసిన ముప్పై నాలుగు అడుగుల మట్టి మీద లేచిన గోడకి గాజు ఆరు నెలలు నిలవదని నాకు తెలియకపోవచ్చు, మీకు తెలుసు. పడవ నడిపే అతనికి కూడా తెలిసింది. నెలనెలా బాగుందని రాస్తూ ఎదురుచూశాను. ఈసారైనా ‘అదెలా బాగుంటుంది, సరిగా చూశావా?’ అని రాస్తారనుకున్నాను. ఒక్క ప్రశ్న. అడిగి ఉంటే అదే ఉత్తరానికి అంతా రాసేసేదాన్ని. మీరు రేకులు దించుతానని రాశారు.

నేను అబద్ధం రాశాను. మీకు అది కావలసి వచ్చింది కనక అందుకున్నారు.

సంతకం దాకా వెళ్తారనుకోలేదు. అది మాత్రం ప్రమాణం చేసి చెప్పగలను. ఈ వీధి వాళ్లందరూ లోతు కొలిచినాయనే కాపురం ఉంటున్నాడు కదా అని ఇళ్లు కట్టుకున్నారు. బేకరీ అక్క నాతో ఎన్నిసార్లు అందో ఆ మాట. వాళ్లకి మీరు ఏం చెప్పారు? నాకేం చెప్పారు? మీరూ ఎందుకు చేశారో రాయండి.

మీ ఇంటిది


సెప్టెంబరు 4

ప్రియమైన నీకు,

నీ ఉత్తరం ఈ నాలుగైదు రోజుల్లో చాలాసార్లు చదివాను. జవాబు నాలుగుసార్లు రాసి చించాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పూడిక అయిపోయిన వారం సూపర్వైజరు అంకెలు మార్చాలని నా పుస్తకం అడిగాడు. ఇవ్వనన్నాను. కోప్పడతాడనుకున్నాను, నవ్వాడు. “సరే, పుస్తకం నీ దగ్గరే ఉంచుకో. ఆ మూల స్థలం కూడా నువ్వే ఉంచుకో. లోతు కొలిచినవాడే కాపురం పెడితే ఇక అనుమానం ఎవడికొస్తుంది?” అన్నాడు. నేనూ నవ్వాను. ఒక్క అంకె మార్చలేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. పుస్తకంలో మార్చలేదు. ఎవరైనా నోటితో అడిగితే ఏడు అని చెప్పాను. నువ్వు అడిగినప్పుడూ అదే చెప్పాను. రేకుల గదిలో కుట్టుకుంటూ “మనకీ ఒక గోడ ఉంటుందా?” అన్నావు ఒకసారి. ఆ గోడ ఇవ్వాలనుకున్నాను. ఇది సాకు కాదు. సాకైనా కావచ్చు.

నువ్వు రాసినదాంట్లో ఒక్కటే సరిదిద్దుతాను. గాజు బాగుందని నువ్వు రాసిన ప్రతిసారీ నేను నిజంగానే నమ్మాను. ముప్పై నాలుగు మరిచిపోయి కాదు. ఆ రోజు తాడు తప్పు చూపించిందేమో, గుండు ఏ గుంటలోనో పడిందేమో అనుకున్నాను. ఇన్నేళ్లలో నా తాడుని నేను అనుమానించింది ఈ ఆరు నెలలే. నీ మీద నమ్మకం అని అనుకున్నాను దాన్ని. కాదు. అడిగితే ఏం వింటానో అని భయం.

నీది అబద్ధమని రాశాను. ఆ మాట వెనక్కి తీసుకోను, అది నిజమే. కానీ నేను మొదలుపెట్టినదాన్ని నువ్వు కొనసాగించావు.

ఇప్పుడు ఇటుకలు ఆగాలి. మునిసిపాలిటీకి వేరే కాగితం పంపాను, సంతకం రద్దు చేసుకుంటున్నానని, ఎందుకో కూడా రాశాను. వాళ్లు ఎప్పుడు చదువుతారో తెలియదు. అందుకని నువ్వు ఆ పుస్తకం తీసుకుని మాస్టారి దగ్గరికి వెళ్లు. వీధి వాళ్లని పిలిపించి చదువు. పటంలో ప్రతి ఇంటి గడీ ఉంది. గాజుల సంగతి చెప్తావో మానతావో నీ ఇష్టం. నా సంగతి మొత్తం చెప్పు.

ఇక్కడ పని మానేస్తున్నానని చెప్పాను. లెక్క తేల్చుకోవడానికి పది రోజులు పడుతుంది.

నీవాడు


సెప్టెంబరు 15

ప్రియమైన మీకు,

ఆదివారం ఉదయం బడి ఆవరణలో అందరూ కూడారు. కూర్చోవడానికి చోటు లేక సగం మంది ఇటుకల మీదే కూర్చున్నారు. మాస్టారు ఈల ఊదలేదు. “చదువమ్మా” అన్నాడంతే.

ముందు గాజుల సంగతి చెప్పాను. మానేస్తే మీ సంగతి చదివే హక్కు నాకు ఉండదనిపించింది. నాతో కుట్టే పది మందీ నేల చూపులు చూశారు. తర్వాత మీ ఉత్తరంలో సూపర్వైజరు నవ్విన ముక్క చదివాను. మీరు నవ్వారన్నదీ చదివాను.

అరుస్తారనుకున్నాను. ఎవరూ అరవలేదు. బేకరీ అక్క లేచింది. “మా కింద ఎంత?” అంది. పటంలో వేలు పెట్టి వెతికి చెప్పాను. ఇరవై తొమ్మిది. ఆవిడ కూర్చుంది. పక్కన సెలూన్ ఆయన లేచి “మాది?” అన్నాడు. పద్దెనిమిది. ఇంకొకరు. ఇరవై రెండు. ఒక్కొక్కరే లేవడం, అడగడం, వినడం, కూర్చోవడం. తొమ్మిది వచ్చినాయన ఆనందపడి, పక్కవాళ్ల మొహాలు చూసి సిగ్గుపడ్డాడు. ముప్పై ఒక్క ఇళ్లు చదివాను. గొంతు ఎండిపోయింది. ఎవరూ నీళ్లు ఇవ్వలేదు, నేను అడగలేదు.

మాస్టారు ఆఖర్న లేచాడు. “మా ఇంట్లో కూర్చుని ఎన్నిసార్లు టీ తాగాడమ్మా మీ ఆయన! నా నేల కింద ఏముందో వాడికి తెలుసు, నా కప్పులో చక్కెర ఎంతో కూడా వాడికి తెలుసు. రెండోదే చెప్పాడు నాకు” అన్నాడు. ఆయన మిమ్మల్ని వాడు అనడం అదే మొదటిసారి.

బడి మీద అంతస్తు ఆగింది. ఇంజినీరు నిన్న వచ్చి మన గోడ, బడి గోడ చూశాడు. మనవైపు ఉన్న రెండు తరగతులు ఖాళీ చేయించి, పిల్లల్ని అవతలి వరండాలో కూర్చోబెట్టమన్నాడు. వెనక గదిలో ఎవరూ పడుకోవద్దన్నాడు. కమిటీ వాళ్లు పుస్తకం నకలు రాసుకుని, పూడ్పించిన వాళ్ల మీద ఫిర్యాదు పెడుతున్నారు. మీరు సాక్షి. ముద్దాయి కూడానేమో, ఇంకా తేల్చలేదు.

సోమవారం కుట్టుకి ఎవరూ రాలేదు. మంగళవారం నలుగురు వచ్చారు. మాట్లాడకుండా కుట్టి, మాట్లాడకుండా వెళ్లారు. నేను ఈ ఇంట్లోనే ఉంటాను, ముందు గదిలో. కుంగితే కుంగనివ్వండి, పొమ్మంటే పోతాను, అంతవరకు పారిపోను.

మిమ్మల్ని క్షమించానా అంటే తెలియదు. మీరు నన్ను క్షమించారా అని అడగను. ఒకే ఇంట్లో ఉంటూ తేల్చుకోవాల్సిన సంగతి అది, పోస్టులో తేలదు.

మీరు వచ్చే రోజు రాయండి. బస్సు దగ్గరికి నేను రాను. చెరువు గట్టు మీద నుంచి అడ్డదారిన రాకండి. పగటి పూట, వీధి మొదటి నుంచి నడుచుకుంటూ రండి. ముప్పై ఒక్క గుమ్మాల ముందు ఆగవలసి ఉంటుంది. మనది ఆ చివర్న.

మీ ఇంటిది